దర్బీల్ కొన్న చలికాలం

గల్ఫ్‌లో సువైక్ అనే ఊళ్ళో సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక దుకాణం ఉంది. వలలు, గాలాలు, గుడారాలు, డేగల తలకు తొడిగే తోలు టోపీలు, అన్నీ అక్కడే దొరుకుతాయి. దూరం చూపించే దర్బీళ్ళను మాత్రం అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. డిసెంబరు మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం మేం ముగ్గురం ఆ బీరువా ముందు నిలబడి ఉన్నాం. బాబా, ఆయన కొడుకు నాసర్, వాళ్ళ వెనక నేను.

బాబా అసలు పేరు సాలిం. రుస్తాఖ్ దాటి వాగు వెంట గంటసేపు పోతే వచ్చే కొండ ఊరు ఆయనది. ఆయన భార్య జౌఖాకు మోకాళ్ళు పట్టేస్తే చూసుకోవడానికని ఐదేళ్ళ కింద ఆ ఇంటికి పనికి వచ్చాను. తర్వాత వంట, ఇంటి మేకలు, బాబా మందు బిళ్ళలు కూడా నా చేతికే వచ్చాయి. గల్ఫ్ ఇళ్ళలో అందరూ పిలిచినట్టే ఆయన్ను బాబా అని, ఆమెను మామా అని పిలిచేదాన్ని. మా మాటలు సగం అరబ్బీ, సగం హిందీ. అలా ఐదేళ్ళు గడిచిపోయాయి.

వాళ్ళ ఇంటి వెనక కొండ నిట్టనిలువుగా లేస్తుంది. దాని మీద అడవి మేకలుంటాయి. వయసులో ఉన్నప్పుడు బాబా వాటిని వేటాడినవాడే. సర్కారు వేట ఆపేయమన్నాక తుపాకీ అప్పజెప్పి, అదే కొండకు కావలివాడయ్యాడు. రోజూ పొద్దున, సాయంత్రం కూర్చుని చూడాలి. కనబడినవి రాసి నెలకోసారి అడవి జీవాల ఆఫీసుకు పంపాలి. ఆ ఏడు ఆఫీసు నుంచి కబురు వచ్చింది. మూడేళ్ళుగా మేక పిల్ల కనబడని కొండల మీద కావలి తీసేస్తారట. జనవరి చివర మనిషి వచ్చి మూడు రోజులు కూర్చుంటాడు. అప్పటికి పిల్లను చూపిస్తే సరి, లేకపోతే బాబా పేరు కొట్టేస్తారు.

నాసర్‌ది పట్నంలో, అల్ ఖువైర్‌లో, వేరే ఆఫీసు ఉద్యోగం. కబురు వినగానే అతను తన మాట తను చెప్పాడు. కావలి పోతే ఆ కొండల్లో ఇద్దరు ముసలివాళ్ళను ఉంచేది లేదు, ఇల్లు మూసేసి తన ఫ్లాటుకు తీసుకుపోతానన్నాడు.

"నీ ఫ్లాటులో కిటికీ తెరిస్తే ఇంకోడి కిటికీ కనబడుతుంది. రోజంతా దాన్ని చూస్తూ కూర్చోనా?" అన్నాడు బాబా.

వారం రోజులు తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఎనిమిదో రోజున నాసరే కారు తెచ్చాడు. పాత దర్బీల్ మసకేసిందనీ, కొత్తది ఉంటే పిల్ల కనబడుతుందనీ బాబా అంటున్నాడు. కొనిస్తే రేపు తనను అనడానికి ఏమీ ఉండదని నాసర్ అనుకున్నాడు. బయలుదేరేటప్పుడు మామా నన్ను పక్కకు పిలిచింది. "నువ్వూ పో. ఇద్దరూ మొండివాళ్ళే. దుకాణంలో పోట్లాడుకుని ఉత్త చేతులతో వస్తారు" అంది.

దుకాణంలో మనిషి పేరు దస్తగిర్. నేను ఒక స్టాండు కాలు ముట్టుకుని ఇది గాలికి నిలుస్తదా అని నాలో నేను గొణుక్కుంటే విని పట్టేశాడు.

"తెలుగోళ్ళా అక్కా? యా ఊరు?"

"జగిత్యాల దిక్కు."

"మాది కడప పక్కన. జగిత్యాలోళ్ళను సైట్లలో శానామందిని చూసినా గానీ, దర్బీల్ కొననీక వచ్చినోళ్ళను ఇదే చూసేది."

"కొనేది మా బాబా, తమ్మీ. మోసేది నేను."

దస్తగిర్ నవ్వి బీరువా తాళం తీశాడు. వేటకా, ఊరికే చూడ్డానికా అని బాబాను అరబ్బీలో అడిగాడు. చూడ్డానికే, కానీ వేటగాడు చూసినట్టు చూడాలి అన్నాడు బాబా.

నాసర్ ముందే ఫోన్‌లో చూసి ఒకటి అనుకుని వచ్చాడు. తుపాకీ గొట్టంలా తిన్నగా ఉంది. వస్తువును డెబ్బై ఐదు రెట్లు దగ్గరికి తెస్తుందట. దాని స్టాండు కూడా సన్నగా, నాజూగ్గా, ఒక్క చేత్తో ఎత్తేటంత తేలిక. తిన్నగా ఉందని బాబాకూ నచ్చింది. దుకాణం గుమ్మంలో నిలబెట్టి రోడ్డుకు అవతల ఖర్జూర తోట వైపు తిప్పారు. నాసర్ డెబ్బై ఐదుకు తిప్పి చూసి సంతోషపడ్డాడు. నన్నూ చూడమన్నాడు. చూశాను. చెట్టు మొదలు దగ్గరికి వచ్చిన మాట నిజమే గానీ, పొయ్యి మీద ఎసరులాగా మరుగుతోంది. ఎండకు నేల మీద లేచే సెగను కూడా అది డెబ్బై ఐదు రెట్లు చేసి చూపిస్తోంది.

బాబా చూసి తల అడ్డంగా ఊపాడు. "మసక" అన్నాడు.

దస్తగిర్ ఇంకోటి తీశాడు. "మసక" అన్నాడు బాబా. అన్నిటికన్నా మంచిదని తెల్ల గుడ్డలో చుట్టి దాచినది తీశాడు. దానికీ అదే మాట.

"అక్కా, ముసిలాయప్పకు దీంట్లో గూడా మసకంటే ఇంగ నా చేతిలో ఏం లేదు. గవర్నమెంటోళ్ళు, డేగలోళ్ళు అందరూ ఇదే కొంటాండారు" అన్నాడు దస్తగిర్ తెలుగులో, ముఖంలో నవ్వు చెదరకుండా. నాసర్ గడియారం చూసుకుంటున్నాడు. బాబాకు వేటగాడి పట్టింపు ఎక్కువ, అంత తేలిగ్గా ఒప్పుకోడని నేననుకున్నాను.

డబ్బాల మీద అంకెలున్నాయి. నాకు అక్షరాలు నలభై దాటాక నా కూతురు సింధూజ నేర్పింది గానీ, అంకెలు చిన్నప్పటి నుంచే వచ్చు. గొర్రెల మంద లెక్క తప్పితే మా నాయన సాయంత్రం బువ్వ పెట్టనిచ్చేవాడు కాదు. ఆ అంకెలు దేనికని దస్తగిర్‌ను అడిగాను. మొదటివి ఎన్ని రెట్లన్నది, చివరిది ముందుండే అద్దం వెడల్పు అని చెప్పాడు. నాసర్ పట్టుకున్నదాని అద్దం అరవై ఐదు. పక్కన ఇంకోటి ఇరవై నుంచి అరవై రెట్లది, అద్దం ఎనభై. దాని కన్ను పెట్టే చోటు తిన్నగా లేదు, పైకి వంగి ఉంది.

"గిది ఎందుకు వంకరున్నది?"

"కిందికి తొంగి చూడాల. కుండలోకి చూసినట్ల. కొండ పైన చూడాలంటే మెడ ఎత్తే పని లేదు. పొడుగోళ్ళు పొట్టోళ్ళు ఇద్దరూ స్టాండు మార్చకుండా చూడొచ్చు. వేటోళ్ళకు మాత్రం నచ్చదు. వాళ్ళకు గురి చూసినట్ల ఉండాల."

"పొద్దుగూకంగ చూస్త. అప్పటిదాంక ఉంటరా?" అన్నాను.

దస్తగిర్ వింతగా చూశాడు. మధ్యాహ్నం కొండ మేక ఎక్కడ కనబడుతుంది, నీడలో పడి ఉంటుంది కదా. జీవాలు లేచి మేతకు కదిలేది వెలుగు తగ్గాకే. అప్పుడు చూపించని అద్దం మనకెందుకు? అదే మాట బాబాకు అరబ్బీలో చెప్పాను. బాబా నాసర్ వైపు తిరిగి, "విన్నావా, నీ ఫోన్ ఈ మాట చెప్పిందా?" అన్నాడు.

సూర్యుడు దిగాక బాబా, నాసర్ పక్కనున్న మసీదుకు నమాజుకు వెళ్ళారు. దస్తగిర్ ఆ రెండు దర్బీళ్ళనూ సముద్రం ఒడ్డున పెట్టించాడు. ఒడ్డుకు లాగిన ఒక పడవ కొయ్య మీద కాకి ఉంది. అరవై ఐదు అద్దంలో అది నల్ల ముద్ద. ఎనభైలో, ఇరవై అయిదు రెట్లకు తగ్గించి చూస్తే, ముక్కుతో రెక్క కింద గోక్కోవడం కనబడింది. వెలుగు ఇంకా తగ్గింది. అరవై ఐదులో ఆరిపోయింది, ఎనభైలో నిలిచింది.

స్టాండు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. తేలికది సముద్రపు గాలికి సన్నగా వణుకుతోంది. ఇరవై రెట్లు, అరవై రెట్లు పెంచి చూసేచోట కాళ్ళ వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. నేను ఇనప ముక్కలా ఉన్న ఇంకోటి అడిగాను. దాని కాళ్ళు బాగా వెడల్పుగా పరిస్తే మోకాలెత్తుకు దిగిపోతుంది. నడుమ ఒక కొక్కెం కూడా ఉంది, బరువు వేలాడదీయడానికి.

"కూసొని చూస్తమా అక్కా ఎవురైనా? అందరూ నిలబడే చూస్తారే."

"మా కొండ మీద కూసునే చూస్తరు తమ్మీ. మూడు గంటలు నిలబడి మీ సముద్రంల చాపలను చూసుకోండ్రి."

బాబా నమాజు చేసుకుని వచ్చి రెండింటి వైపూ చూశాడు. ఈసారి కన్ను పెట్టలేదు. "కాపరి ఏదంటోంది?" అని అడిగాడు. నేను గొర్రెలు కాసినదాన్నని ఆయనకు తెలుసు. చూపించాను. "అదే కట్టు" అన్నాడు. వంకరది కదా, తుపాకీలా లేదు కదా అని నాసర్ అడగబోతే చెయ్యెత్తి ఆపాడు. నా మాట మీద ఆయన అంత తేలిగ్గా తేల్చేస్తాడని నేననుకోలేదు. దారి పొడుగునా ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

ఇంటి డాబా మీద చాప పరిచి, స్టాండు కాళ్ళు వెడల్పుగా పెట్టి, కొక్కేనికి నీళ్ళ డబ్బా వేలాడదీశాను. మామా కిందనుంచే, కొత్త పెళ్ళికూతురు వచ్చిందా, ముఖం చూపిస్తారా అని వెటకారం చేసింది. మోకాళ్ళ వల్ల ఆమె మెట్లెక్కలేదు.

మొదటి మూడు వారాలూ బాబానే చూశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? ఎడం కన్ను మూసి, దవడ గొట్టానికి ఆనించి, చేత్తో గట్టిగా పట్టుకుని లాక్కునేవాడు. భుజానికి తుపాకీ మడమ ఆనించే మనిషి అలాగే పట్టుకుంటాడు. ముట్టుకోకుండా చూడు బాబా, కదులుతుంది అంటే, నలభై ఏళ్ళు ఎవరు చూశారు, నువ్వా నేనా అనేవాడు. కాసేపటికి చెప్పడం మొదలుపెట్టేవాడు. శిఖరం కింద పోతు నిలబడిందనేవాడు. కొమ్ముల్లో ఒకటి చివర విరిగిందనేవాడు. పక్కన రెండు ఆడవి అనేవాడు. తర్వాత నన్ను చూడమనేవాడు. నాకు రాళ్ళు తప్ప ఏమీ కనబడేవి కాదు. పోయాయిలే, అవి నీకోసం ఆగుతాయా అనేవాడు.

నాకు సిగ్గుగా ఉండేది. ఏడేళ్ళ వయసు నుంచి మందతో తిరిగిన కళ్ళు నావి. ఎండిన గుట్ట మీద ఎర్ర గొర్రెను ఎర్ర మట్టిలోంచి వేరు చేసేదాన్ని. పెళ్ళయ్యాక కూడా మా ఆయన పోయిందాకా జీవాలతోనే ఉన్నాను. ఈ కొండ మీద ఒక్కటి కూడా నా కంటికి ఆనకపోవడమేంటి? వయసు మీద పడిందనుకున్నాను. అద్దం తప్పు ఎంచానా అని భయం కూడా వేసింది.

డిసెంబరు చివర ఒక పొద్దున పైకి కాఫీ, ఖర్జూరాలు తెచ్చేసరికి బాబా అప్పటికే కూర్చుని చూస్తున్నాడు. అంతకు ముందు సాయంత్రం దుమ్ము తుడుస్తూ దర్బీల్‌ను కొంచెం పక్కకు తిప్పాను. తిరిగి సరిచేయడం మర్చిపోయాను. దాని మూతి కొండ వైపు లేదు. కింద మా మేకల దొడ్డి గోడ వైపు ఉంది. ఆ గోడ కూడా కొండ రాయితో కట్టిందే, అదే రంగు.

"ఈ పూట మూడు పోతులు. పెద్దది ముందు నడుస్తోంది" అన్నాడు బాబా కన్ను తీయకుండా.

నేను కాఫీ గిన్నె కింద పెట్టాను. పిడి పట్టుకుని దర్బీల్‌ను మెల్లగా కొండ వైపు తిప్పాను. స్టాండు తల కిర్రుమంది. బాబా కన్ను తీశాడు. నా చేతి వైపు, గోడ వైపు, మళ్ళీ నా చేతి వైపు చూశాడు.

"ఎటు ఉండింది ఇది?"

"గోడ దిక్కు, బాబా."

ఆయన గిన్నె తీసుకుని తాగాడు. ఖర్జూరపు గింజ చేతిలోకి ఊసి, చాప అంచున పెట్టాడు. ఇంకో పండు తిన్నాడు.

"అయితే మన గోడ మీద కూడా మూడు పోతులున్నాయన్నమాట. మంచిదే" అన్నాడు. నవ్వాడు. ఆ తర్వాత లేచి చాపకు అటు చివర కూర్చున్నాడు. తను కూర్చున్న చోటును అరచేత్తో తట్టి చూపించాడు.

మధ్యాహ్నం వంటింటి గూట్లో ఉన్న ఆయన పాత దర్బీల్ తీసి కిటికీలోంచి చూశాను. ఖర్జూరపు మట్ట మీద చీమలు కూడా కనబడ్డాయి. దానికి ఏ మసకా లేదు. సువైక్‌లో ఆయన మసకన్న మూడింటికీ లేదు. తుడిచి మళ్ళీ గూట్లోనే పెట్టేశాను. మామాకు కూడా చెప్పలేదు.

ఆ రోజు నుంచి మా పని తీరు మారింది. బాబా గోడకు ఆనుకుని, కళ్ళు సగం మూసుకుని, కొండను నోటితో చెప్పేవాడు. శిఖరం నుంచి నీళ్ళు కారిన నల్ల గీత ఒకటి ఉంటుంది చూడు అనేవాడు. దాని వెంట సగం దిగు. ఎడమన రేగు చెట్టు, మొదలు వంకర. దాని కింద గూడు లాంటి గుహ. పొద్దున ఎండ ముందు ఆ గుహ అంచుకే తగులుతుంది, చలికి పడుకున్నవి అక్కడికే వస్తాయి అనేవాడు. నేను ఆ మాటల వెంట దర్బీల్‌ను దించేదాన్ని. అన్నీ ఆయన చెప్పిన చోటే ఉండేవి. నలభై ఏళ్ళ కింద చూసిన రాయి కూడా జరగలేదు.

నాకు తెలిసింది నేను చేశాను. మేకను వెతకలేదు, చోటును బట్టీపట్టాను. ఏ పొద ఎంత, ఏ రాయి నీడ ఎటు పడుతుంది, అంతా మనసులో పెట్టుకున్నాను. నిన్న లేని రాయి ఈ రోజు ఉందంటే అది రాయి కాదు. మా నాయన చెప్పిన పద్ధతి అది. అయిదో రోజున గుహ అంచున నిన్న లేని రాయి ఒకటి ఉంది. రెట్లు పెంచలేదు, ఊపిరి బిగబట్టి చూస్తూ ఉన్నాను. రాయికి చెవి కదిలింది.

ఎర్రగా, బలిసి, ముంగాళ్ళకు జూలు వేలాడుతూ, పొట్టి కొమ్ములు వెనక్కి వంగి. వెన్ను మీద నల్ల చార. దర్బీల్‌ను అక్కడే బిగించాను.

"కొమ్ము చివర విరిగిందా?" అన్నాడు బాబా, నేను చెప్పకముందే.

"కుడిది విరిగింది బాబా."

ఆయన గోడకు తల ఆనించాడు. మెట్ల దగ్గరికి పోయి, "జౌఖా, అది బతికే ఉంది" అని కిందికి కేకేశాడు. ఆ రోజు మధ్యాహ్నం నాకు ఆయన తన పక్కన పళ్ళెం పెట్టించాడు.

జనవరంతా చూశాం. విరిగిన కొమ్ము పోతు, ఇంకో పోతు, ఒక ఆడది కనబడ్డాయి. బాబా నోటితో చెబితే నేను చూసి, ఆయన ఎదుటే పుస్తకంలో గీతలు పెట్టేదాన్ని. పిల్ల మాత్రం కనబడలేదు. ఆడది కూడా నాలుగు రోజులకోసారి తప్ప బయటికి వచ్చేది కాదు.

తనిఖీకి వచ్చినాయన పేరు హమద్. బాబా కన్నా ఇరవై ఏళ్ళు చిన్న. మంచి మర్యాదస్తుడే గానీ నవ్వడు. తన దర్బీల్ తను తెచ్చుకున్నాడు. నాసర్ సువైక్‌లో ముందుగా పట్టుకున్నదానికి అది అన్న లాంటిది. తిన్నగా, పెద్ద రెట్లది, సన్నటి పొడుగు స్టాండు మీద. నాసర్ కూడా సెలవు పెట్టుకుని వచ్చాడు. ఫ్లాటులో గది ఖాళీ చేయించానని వచ్చీ రాగానే మామాకు చెప్పాడు.

మొదటి రోజు ఒక పోతు కనబడింది. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం నుంచి వాగు మీదుగా గాలి లేచింది. సాయంత్రానికి హమద్ స్టాండు నిలబడలేకపోతోంది. చేత్తో పట్టుకుంటే ఇంకా ఎక్కువ కదులుతోంది. మా స్టాండు నీళ్ళ డబ్బాతో నేలకు అతుక్కుని ఉంది. నేను చాప మీద కూర్చుని, మెడ వంచి చూస్తూ ఉన్నాను. బాబా నా పక్కన కూర్చుని, హమద్‌కు వినబడనంత నెమ్మదిగా చెబుతున్నాడు. గాలి ఇటునుంచి ఉంటే అది గుహకు రాదు, రేగు చెట్టుకు వెనకవైపు కొండ మడతలో ఉంటుంది, అక్కడ చూడు అన్నాడు.

అక్కడే ఉంది. ఆడది. చెప్పాను. హమద్ తన దాంట్లో వెతికి వెతికి పట్టుకున్నాడు.

"ఒక ఆడది" అన్నాడు. ఇంకాసేపు చూశాడు. "ఒకటే. పిల్ల లేదు." పుస్తకం తీసి అంతే రాసుకున్నాడు. వెలుగు ఎరుపు దాటి బూడిద రంగులోకి దిగుతోంది. తన దాంట్లో ఇక ఏమీ తెలియడం లేదని, మూత బిగించడానికి లేచాడు. నాసర్ తండ్రి వైపు చూడకుండా, వాగు వైపు చూస్తున్నాడు.

"పిల్ల ఉన్నది" అన్నాను.

హమద్ ఆగాడు. నాసర్‌కు చిన్నతనమనిపించింది కాబోలు, ఇంట్లో పనిచేసే ఆమె అని హమద్‌కు చెప్పి, కింద మామాకు ఏం కావాలో చూడమని నన్ను పంపబోయాడు. నేను లేవబోయాను కూడా.

"కూర్చో. చూసింది చెప్పు" అన్నాడు బాబా. ఇంట్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

చెప్పాను. అది మేయడం లేదు. ఇది మేత వేళ. రెండుసార్లు కిందికి నడిచింది, రెండుసార్లూ పది అడుగులు వేసి వెనక్కి వచ్చి అదే మడత దగ్గర నిలబడింది. చెవులు కొండ వైపు లేవు, కింద ఆ నీడ వైపు ఉన్నాయి. ఆకలి మీదున్న జీవం వట్టి రాయి కోసం వెనక్కి తిరగదు. పిల్లను పడుకోబెట్టిన తల్లే అట్లా తిరుగుతుంది. గొర్రెయినా, మేకయినా, ఏ దేశందయినా.

"నాకు కనబడడం లేదు" అన్నాడు హమద్.

"నాకు కూడా కనబడుతలేదు. లేస్తది. దాంట్ల కాదు, దీంట్ల చూడండి."

ఆయన మా దర్బీల్ ముందు నిలబడి నడుం వంచి చూడబోయాడు. కుదరలేదు. బూట్లు విప్పి, చాప మీద కూర్చున్నాడు. కన్ను పెట్టి, ఓ అని నెమ్మదిగా అన్నాడు, ఇంత వెలుగు ఇంకా దాంట్లో ఉందా అన్నట్టు. ముట్టుకోవద్దని చెప్పాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. నలుగురం అలాగే ఉన్నాం. గాలి తప్ప చప్పుడు లేదు. ఎంతసేపో చెప్పలేను గానీ బాబా పెదవులు కదులుతూనే ఉన్నాయి. దువా చదువుతున్నాడో, లెక్క పెడుతున్నాడో తెలియదు.

హమద్ వీపు బిగుసుకుంది. కన్ను తీయకుండా చెయ్యి వెనక్కి చాచి నాసర్ బట్ట పట్టుకుని లాగాడు.

నాసర్ చూశాడు. ఆ కొండ కింద పుట్టిన మనిషి, వాటిని ఒక్కసారి కూడా చూసి ఉండడు. దాని పొట్ట కిందికి దూరుతోంది, పాలు తాగుతోంది అని చిన్నపిల్లవాడిలా చెబుతూనే ఉన్నాడు. నాసర్ లేచాక నేను చూశాను. పిల్ల పిడికెడు. తోక ఆడిస్తూ తల్లి పొదుగును పొడుస్తోంది. మా ఊళ్ళో ఎన్ని వేల పిల్లలు అలా పొడవగా చూశాను. అయినా నా కళ్ళు తడిసి, కాసేపు నాకు కూడా అంతా మసకయింది.

"సాలిం, రండి, మీరూ చూడండి. మీరు చూశారని రాయాలి" అన్నాడు హమద్ మర్యాదగా జరిగి చోటిస్తూ.

బాబా కదల్లేదు. ఒక్క మాటతో సరిపోయేది. ఆ, చూశాను అంటే ఎవరు కాదనేవాళ్ళు? నేనయితే కాదననుగాక కాదనను.

"నాకు కనబడదు. రెండేళ్ళయింది" అన్నాడు. "అవి ఎక్కడుంటాయో నాకు తెలుసు. చూసింది ఈమె. ఈ దర్బీల్‌ను ఎంచిందీ ఈమే. ఈ నెల పుస్తకంలో ఉన్న గీతలన్నీ ఈమె చూసినవే. ఉన్నది ఉన్నట్టు రాయి."

నాసర్ తండ్రి ముఖంలోకి చూశాడు. ఆయన పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఆ కంటికి ఆపరేషన్ ఎప్పుడు, ఏ ఆస్పత్రి అన్న మాటలు తర్వాత చాలా రోజులు నడిచాయి. ఆ సాయంత్రం మాత్రం అతను ఫ్లాటు మాట ఎత్తలేదు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

హమద్ పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఒక ఆడది అన్న వరుస పక్కన ఒక పిల్ల అని చేర్చాడు. కావలివాడు అన్న చోట సాలిం పేరు అలాగే ఉంచాడు. అక్కడేదో కాసేపు ఆలోచించాడు గానీ కొట్టేయలేదు. తర్వాత చూసినవారు అన్న చోటికి వచ్చి నా పేరు అడిగాడు.

"సత్తవ్వ."

రాశాడు. దాని పక్కన చేసే పని రాసే గడి ఉంది. కలం దాని మీద ఆపి నాసర్ వైపు చూశాడు, ఇంటి పనిమనిషి అనేగా రాయాల్సింది అన్నట్టు. నాసర్ బాబా వైపు చూశాడు. బాబా నోరు తెరిచాడు గానీ ఆయనకంటే ముందు నేనే చెప్పాను.

"కాపరి అని రాయండి."

హమద్ తలెత్తి నన్ను చూశాడు. ఆ రెండు నెలల్లో కాదు, ఆ దేశం వచ్చిన ఐదేళ్ళలో నా గొంతు అంత నిటారుగా ఎప్పుడూ లేదు. ఆయన మళ్ళీ పుస్తకంలోకి వంగి, నేను చెప్పినట్టే రాశాడు.